ఆషాఢంలో ఒక్క ఆకు

హైదరాబాదులో చెట్లు మిగిలింది ఆ బొటానికల్ గార్డెన్‌లోనే. అక్కడ ప్రతి ఆకునూ కెమెరాలు లెక్కపెడతాయి. ఆకు తుంచితే ఇంటిల్లిపాదినీ జన్మలో మళ్లీ లోపలికి రానివ్వరు. అంతా తెలిసినా, ఆషాఢమాసం కదా, గోరింట కనబడగానే సువర్చల చేయి ఆగలేదు. ఒక్క ఆకు తుంచి పిడికిట్లో దాచుకుంది.

"అమ్మమ్మా, చెయ్యి పట్టుకో," అంది మనవరాలు.

"ఈ చెయ్యి కాదమ్మా, అటు రా."

చెమటకు ఆకు నలిగి అరచేయి పండుతోందేమోనని భయం. గేటు దాకా వచ్చేసరికి అది మూసుకుపోయింది.

"గోరింట చెట్టుకు నలభై ఆకులు తక్కువొచ్చినయ్. అందరు చేతులు చూపియ్యున్రి!" అని గార్డు అరిచాడు.

నలభయ్యా? తను తుంచింది ఒక్కటే!

సువర్చల బిత్తరపోయి తలెత్తింది. ముందున్న వరుసలో ఒక్క ఆడమనిషి కూడా పిడికిలి విప్పలేదు.