ముందు ఎడమ చక్రం

కారులోని తెర మీద పసుపు దీపం వెలిగింది.

ముందు ఎడమ చక్రం: ఇరవై నాలుగు పాయింట్లు. ఉండవలసింది ముప్పై మూడు.

"చూశావా, మనకు తెలియకముందే తెర పసిగట్టింది," అన్నాడు ఇంజనీరు భార్యతో. చక్రాల్లో గాలిని కొలిచే ఆ సెన్సార్లకు ప్రోగ్రాము రాసినవారిలో అతడొకడు. కారుతోపాటు ఇచ్చే పుస్తకంలో ఆ అధ్యాయమూ అతడు రాసినదే.

"పసిగట్టింది సరే, గాలి కూడా అదే పట్టుకుంటుందా? పదకొండింటికి అమ్మ ఆపరేషన్. సంతకం పెట్టాల్సింది నేను. కొండ దిగేసరికే ముప్పావు గంట పడుతుంది."

వెనక సీటులో కుడివైపున ఏడేళ్ళ కూతురు కునికిపాట్లు పడుతోంది.

కొండదారి మొదట్లోనే పెట్రోలు బంకు ఉంది. అక్కడ ఓ మూల పాతకాలపు గాలి పంపు. మీట తిప్పి పెట్టిన లెక్కకు చేరేదాకా, పాయింటు ఎక్కినప్పుడల్లా టింగుమని గంట కొట్టే రకం. దాని పక్కన స్టూలు మీద ఓ ముసలాయన.

కారు పూర్తిగా ఆగకముందే ఆయన తల ఓ పక్కకు వంచాడు.

"బాబూ, వెనక కుడి చక్రం దిగింది."

"వెనకది కాదు. ముందు ఎడమది."

"ముందువి బాగానే ఉన్నాయి బాబూ."

"తెర మీద అంత స్పష్టంగా ఉంటే! కనబడటం లేదా?"

"కనబడదు బాబూ," అన్నాడు ముసలాయన, తప్పు ఒప్పుకున్నట్టు.

ఎండ అద్దం మీద పడి మెరుస్తోంది. ఇంజనీరు కారు దిగాడు. గంట పంపు మీద నమ్మకం లేక, డిక్కీలోంచి తన బుల్లి కరెంటు పంపు తీశాడు. ముందు ఎడమ చక్రానికి తగిలించగానే అది ముప్పై మూడు చూపించింది.

అతడు ఒక్క క్షణం ఆలోచించాడు. సెన్సారు ఇరవై నాలుగంటోంది. కనుక పంపే తొమ్మిది ఎక్కువ చూపిస్తోంది. కనుక పంపును నలభై రెండుకు పెట్టాలి. తర్కంలో అతనికి ఎక్కడా దోషం కనిపించలేదు. పంపు ఆన్ చేశాడు.

"అంత పట్టకండి బాబూ. దాని మోత మారిపోయింది."

"చెవితో కొలుస్తావా తాతా?"

"కొలవను బాబూ, వింటాను. ఈమధ్య చక్రాలేమైనా అటూ ఇటూ మార్చారా?"

"మొన్న ఆదివారం నేనే మార్చాను, సమానంగా అరుగుతాయని. ఈ మూలది ఆ మూలకు, ఆ మూలది ఈ మూలకు. అయితే ఏమిటట?"

ముసలాయన స్టూలు మీంచి లేచాడు. గంట పంపు మీటను వేళ్ళతో తడిమి తిప్పాడు. గొట్టం పట్టుకుని, పశువు ఒళ్ళు నిమిరినట్టు కారును నిమురుకుంటూ వెనక్కి నడిచి, కుడి చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు.

టింగ్. టింగ్.

"అక్కర్లేదని చెప్పానా?"

"నా తృప్తికి బాబూ. గంట ఆగేదాకా."

"ఏమండీ," అంది భార్య కిటికీలోంచి, "ఆయన చాదస్తం గంట ఆగితే తీరుతుంది. మీది ఎప్పుడు తీరుతుంది?"

గంట ఆగింది. ముసలాయనకు ఒక్క మాటైనా చెప్పకుండానే అతడు కారు కదిలించాడు.

చక్రాలు కొంత దూరం దొర్లితేగాని సెన్సార్లు కొత్త లెక్క పంపవు. రెండో మలుపు దగ్గర తెర మీద అంకెలు మారాయి.

"ముందు ఎడమ, ముప్పై మూడు. ఇప్పుడేమంటాడు మీ తాత?"

భార్య తెరవైపు వంగింది.

"మరి వెనక కుడి నలభై రెండేమిటి? మీరు నలభై రెండు పట్టింది ముందు చక్రానికి కదా?"

అతని కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది.

సెన్సారు ఉండేది చక్రంలో. ఆదివారం చక్రంతోపాటే అదీ మూల మారింది. తెర మాత్రం ఇంకా పాత చోటు పేరే చెబుతోంది, వెనక కుడిని ముందు ఎడమ అని. 'చక్రాలు మార్చిన పిదప వాటి స్థానాలను తిరిగి నమోదు చేయవలెను' అన్న వాక్యం పుస్తకంలో ఎన్నో పుటలో ఉందో కూడా అతనికి తెలుసు. రాసింది తానే.

ముసలాయన మాట వినకుండా గాలి పట్టకపోతే, ఇంత గాలి తక్కువైన వెనక చక్రంతో, అంత ఎక్కువైన ముందు చక్రంతో, బిడ్డను కూర్చోబెట్టుకుని ఈ లోయ పక్కన దిగేవాడు.

దిగి ముందు చక్రంలోంచి గాలి వదిలాడు. తిరిగి బిగించబోతే చిన్న మూత మూడుసార్లు జారి కింద పడింది.

"తాత పంపు తొమ్మిదిసార్లు టింగుమంది నాన్నా," అంది వెనకనుంచి కూతురు. "నేను లెక్కపెట్టాను."

ఆపరేషన్ సవ్యంగా జరిగింది. మూడో రోజు తిరిగి వస్తూ అతడు బంకు దగ్గర ఆగాడు.

స్టూలు లేదు. గంట పంపూ లేదు. వాటి చోట నున్నటి కొత్త యంత్రం, దాని తెర మీద అంకెలు. ఆ అంకెల తీరును అతడు వెంటనే గుర్తుపట్టాడు. తన కంపెనీదే.

"నిన్ననే బిగించారు సార్," అంది పెట్రోలు పోసే అమ్మాయి. "దీనికి గంట లేదుగా, తాత వాడలేడు. వెళ్ళిపోయాడు."

"ఎక్కడికి?"

"ఎవరూ అడగలేదండి."

"గంట లేకపోతేనేం? అంకెలు ఇంతింత పెద్దవి ఉన్నాయిగా. ఆయన చూపు మామూలుది కాదు. కారు ఆగకముందే, స్టూలు మీంచి కదలకుండా, ఏ చక్రం దిగిందో చూసి చెప్పాడు."

ఆ అమ్మాయి అతనివైపు వింతగా చూసింది.

"చూసి కాదు సార్," అంది. "ఇరవై ఏళ్ళ కిందట మీటరు చెడిపోయిందని తెలియక, అది చూపించిన అంకెను నమ్మి లారీకి గాలి పడుతుంటే, టైరు పేలి తాతకు రెండు కళ్ళూ పోయాయి."