ఆరని బల్బు

పెడల్ ఆగింది. చక్రం ఆగింది. సైకిల్ డైనమోకు కట్టిన బల్బు మాత్రం ఆరలేదు.

ఏడో తరగతి పిల్లలు చప్పట్లు కొట్టారు. పాఠం చెబుతున్న మెర్సీ టీచర్ కొట్టలేదు.

"అనూహ్యా, ఇంకా తొక్కుతున్నవా?"

"లేదు టీచర్. కాళ్లు తీసేసిన," అంది స్టాండు వేసిన సైకిల్ మీద కూర్చున్న పిల్ల.

మెర్సీ వంగి చూసింది. బ్యాటరీ లేదు. డైనమో నుంచి బల్బుకు పోయే రెండు తీగలు తప్ప ఇంకేమీ లేదు.

"కాళ్ల బలం చక్రానికి, చక్రం నుంచి కరెంటుకు, కరెంటు నుంచి వెలుగుకు అన్నరు గద టీచర్," ముందు బెంచీలోంచి శ్రీకాంత్ లేచాడు. "శక్తి ఊరికే పుట్టదన్నరు. మరి గిదెక్కడి నుంచి వస్తాంది?"

ఆమె మళ్లీ తీగల వెంట చూపు పోనిచ్చింది.

"టీచర్... సలి పెడతాంది," అంది అనూహ్య.

ఏప్రిల్ నెల. మర్రిగూడ ఎండకు పైన రేకులు పెనంలా కాలుతున్నాయి. పిల్లలంతా చెమటలో తడిసి ముద్దయ్యారు. అనూహ్య పళ్లు మాత్రం టకటకా కొట్టుకుంటున్నాయి. పెదవులు నీలంగా మారుతున్నాయి. బల్బు అంతకంతకూ తెల్లగా మండుతోంది.

మెర్సీ కేకేసింది. "దిగు బిడ్డా! జల్ది దిగు!"

"చేతులు వస్తలేవు టీచర్!"

ఆమె హ్యాండిల్‌కు అతుక్కున్న వేళ్లను ఒక్కొక్కటే ఊడబీకింది. పిల్లను ఎత్తుకుని వరండాలో ఎండ పడే చోటికి తెచ్చింది. వెనకాల బల్బు ఆరిపోయింది. కాసేపటికి అనూహ్య ముఖంలోకి నెత్తురొచ్చింది.

"ఇప్పుడు మంచిగుంది టీచర్," అని నవ్వింది.

అంతలోనే లోపల పిల్లలు కెవ్వుమన్నారు. సైకిల్ మీద ఎవరూ లేరు. బల్బు మళ్లీ వెలిగింది.

"అందరు బయటికి రాండ్రి! దాన్ని ఎవ్వరూ ముట్టొద్దు!"

వాళ్లను వరండాలో నిలబెట్టింది. ఈసారి ఆ బల్బు ఎవరి ఒంట్లోని వేడిని గుంజుతోందో! ఒక్కొక్కరి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. శ్రీకాంత్ కాలిపోతున్నాడు. మమత కాలిపోతోంది. అనూహ్య నుదురు నిప్పుకణిక. చల్లబడినవాళ్లు ఒక్కరూ లేరు. కానీ ఒక్కసారిగా అందరికీ ఇంత జ్వరమేమిటి?

"ఫికర్ చెయ్యకుండ్రి. దవాఖానకు పోదాం. మీకందరికీ జరమొచ్చింది," అంది.

అనూహ్య ఆమె వేళ్లను తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"మాకు జరం లేదు టీచర్. మీ చెయ్యే మంచుగడ్డ లెక్కున్నది."