నాంపెల్లి పదకొండో పోటీ

పదిసార్లు ఓడిన నాంపెల్లి ఎర్ర కండువా సర్దుకుని, "కూలీల రాజ్యం రావాలె, యుద్ధం పోవాలె" అంటూ పదకొండోసారి ఓటడగడానికి కనకవ్వ గడప తొక్కాడు.

ఒకప్పుడు ఆమె ఒడిలో బీడీల చాట ఉండేది. ఇప్పుడు కంపెనీ ఇచ్చిన పలక ఉంది. సిరిసిల్ల ఆడవాళ్లందరిదీ ఇప్పుడదే పని. సరిహద్దు అవతల ఎగిరే డ్రోను ఓ మనిషిని చూపిస్తుంది. ఇక్కడ పలక తెర తాకితే అక్కడ బాంబు పేలుతుంది. రోజుకు ముప్ఫై మందిని లేపేస్తేనే కూలి.

"బీడీలోళ్లకు కొట్లాడి పింఛను తెచ్చిందే నువ్వు కాకా. నా ఓటు నీకే," అంటూ కనకవ్వ ఉల్లిగడ్డ కోస్తూనే తెర మీద వేలు ఆనించింది. సైకిల్ తొక్కుతున్న మనిషి రెండు ముక్కలయ్యాడు. కిందపడ్డ సైకిల్ చక్రం తిరుగుతూనే ఉంది.

"ఓటు తర్వాత! ముందుగాల ఈ పాపపు పని బంద్ చెయ్యి బిడ్డా!"

"బంద్ చేస్తే పొయ్యెట్ల ఎలుగుతది? ఇంక రెండే ఉన్నయ్ కాకా."

తెర మీద ఒకామె దండెం మీద బట్టలు ఆరేస్తోంది. కనకవ్వ వేలు దిగుతోంది.

"వద్దు!" అని అరిచి నాంపెల్లి అరచేయి అడ్డం పెట్టాడు, సరిగ్గా తెర మీద. వేలైనా అరచేయైనా పలకకు ఒకటే.

చేయి తీసేసరికి దండెం లేదు. గోడ నిండా నెత్తురు, దానికి అంటుకున్న చీర పీలికలు.

కనకవ్వ కొంగుతో పలక తుడిచింది.

"నా పని తక్కువ చేసినవ్, సల్లగుండు. ఈసారి తప్పక గెలుస్తవ్ కాకా."