కుర్చీ వద్దన్న మనిషి

"నాకు కుర్చీ వద్దు ఇందాయ్. వేదికలో ఒక కన్నం కావాలి."

ఇందాయ్, అంటే అమ్మాయ్ అన్న ఆ పిలుపుకు రోసెల్ రసీదు పుస్తకం మీంచి తలెత్తింది.

ఎదురుగా ఓ ముసలాయన. ఇస్త్రీ చేసిన పాత తెల్లచొక్కా, చంకలో గుడ్డసంచి. పేరు ఎల్పిద్యో అన్నాడు. అవతలి దీవి నుంచి పడవలో వచ్చానన్నాడు.

ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో నగరానికి ఒక కళాకేంద్రం కట్టాలని కమిటీ వేసి రెండేళ్లయింది. చందాల కోసం రోసెల్ ఎక్కని గడప లేదు. పదివేల పెసోలిస్తే ఒక కుర్చీ, దాని వీపున ఇత్తడి రేకు మీద ఇచ్చినవారి పేరు. స్తంభాలు లేచాయి, గోడలు లేచాయి. కప్పు దాకా వచ్చేసరికి డబ్బు అయిపోయింది. ఇంకా మూడువందల కుర్చీలకు పేర్లు లేవు.

"కన్నమేంటి నోంగ్?" అంది, అక్కడ పెద్దవాళ్లను పిలిచే తీరులో.

"ప్రాంప్టర్ కన్నం. వేదిక అంచున, మనిషి తల పట్టేంత. పాత హాళ్లన్నిటికీ ఉండేది. నెలకో కొత్త నాటకం, మాటలు బట్టీపట్టే తీరిక ఎవరికుండేది? కింద కూర్చుని నేను చదివేవాణ్ని, పైన వాళ్లు పలికేవాళ్లు. ముప్పై ఏళ్లు ఆ కన్నంలోనే ఉన్నాను."

"ఇప్పుడన్నీ తెరలే నోంగ్. అక్షరాలు ఇంతింత ఉంటాయి. గుడ్డివాడు కూడా చదువుకోవచ్చు."

ఆయన నవ్వలేదు. సంచిలోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాడు.

"బిస్కోచో. నేనే చేశాను. ఇంట్లో తినేవాళ్లెవరూ లేరు."

మరుసటి గురువారం మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే చొక్కా, మళ్లీ ఒక పొట్లం.

"సోలెదాద్ నాటకం ఆడుతోందట కదా?"

ఆ నాటకమే రోసెల్ ఆఖరి ఆశ. ఒకప్పుడు ఈ నగరంలో పాటల నాటకాలకు సోలెదాదే మహారాణి. ఇరవై ఏళ్ల తర్వాత మనీలా నుంచి వస్తోంది. ఆదివారం మధ్యాహ్నం, కాలేజీ హాల్లో. ఆవిడ పేరు చెబితేనే చెరకు తోటల ఆసాములు కుటుంబాలతో వస్తామన్నారు. వాళ్ల మనసు కరిగితే మూడువందల పేర్లూ ఒక్క పూటలో వచ్చేస్తాయి. లేకపోతే వానాకాలం కప్పులేని గోడల మీదే.

"కన్నం సంగతి వదిలెయ్ ఇందాయ్. ఆ ఒక్కరోజు నన్ను పక్కతెర చాటున నిలబడనివ్వు. మాటలందిస్తాను. డబ్బేమీ ఇవ్వక్కర్లేదు."

"అక్షరాల తెర ఉందని చెప్పానుగా."

"ఆవిడకది పనికిరాదు."

"ఎందుకని?"

ముసలాయన ఏదో చెప్పబోయి మింగేశాడు.

"పనికిరాదంతే."

రోసెల్‌కు జాలేసింది. ఎవరూ లేని ఇల్లు, ఎవరికీ అక్కర్లేని విద్య. మళ్లీ ఒక్కసారి నాటకం గాలి పీల్చాలని పాపం ఆయన తాపత్రయం. కానీ జాలిపడుతూ కూర్చుంటే కప్పు పడదు.

"ఆదివారం ఈయన్ని లోపలికి రానివ్వకు" అని గార్డుతో చెప్పేసింది.

శనివారం సోలెదాద్ దిగింది. డెబ్బై దాటినా నడకలో ఆ రాజసం అలాగే ఉంది. రోసెల్ ఒప్పందం కాగితాలు ముందు పెట్టింది.

"కళ్లద్దాలు మనీలాలో మర్చిపోయానమ్మా. సంతకం ఎక్కడో వేలు పెట్టి చూపించు."

చూపించింది. ఆవిడ మెలికలు తిప్పి అందంగా సంతకం గీసింది.

ఆదివారం హాలు నిండిపోయింది. గంట మోగబోతుండగా సోలెదాద్ అటూ ఇటూ చూసింది.

"ఎల్పిద్యో ఏడీ? ఇంకా రాలేదా?"

"ఆయనతో పనిలేదు మేడమ్. మీ కాళ్ల దగ్గరే తెర పెట్టించాం. మాటలన్నీ అందులో వస్తాయి."

సోలెదాద్ తెర వంక చూసింది. వేదిక మీదికి నడిచింది.

పాటలకు లోటు లేదు. గొంతు కాస్త వణికినా హాలంతా కదిలిపోయింది. మాటల దగ్గరికొచ్చేసరికి ఆవిడ ఆగిపోయింది. కాళ్ల దగ్గర అక్షరాలు వెలుగుతున్నాయి. ఆవిడ వాటిని చూడలేదు, ఎవరూ లేని పక్కతెర వైపు చూసింది. ఒకసారి కాదు, ప్రతి అంకంలోనూ అంతే. రెండో అంకానికి ఆసాములు గడియారాలు చూసుకున్నారు. మూడో అంకానికి సగం కుర్చీలు ఖాళీ.

"వయసైపోయింది, పాపం" అన్నారు వెళ్తూ వెళ్తూ.

పేర్లు రాయించుకున్నవాళ్లు పంతొమ్మిది మంది.

రెండేళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైంది. రోసెల్ కళ్లు తుడుచుకుని మేకప్ గదికి వెళ్లింది. సోలెదాద్ ఒక్కతే అద్దం ముందు కూర్చుని ఉంది.

వెనకాలే గార్డు వచ్చాడు.

"మేడమ్, మీరు ఆపమన్న ముసలాయన వెళ్లిపోయాడు. నాటకం అయ్యేదాకా గేటు చువ్వలు పట్టుకుని నిలబడే ఉన్నాడు. మైకులో అమ్మగారి గొంతు ఆగినప్పుడల్లా ఆ మాట ఈయన గట్టిగా చెప్పాడు. పుస్తకం కూడా లేదు చేతిలో. జీప్నీ డ్రైవర్లు పిచ్చోడని ఒకటే నవ్వు."

"ఎటు వెళ్లాడు?"

"రేవుకి. పడవ కదిలిపోయుంటుంది ఈపాటికి."

సోలెదాద్ అద్దంలోంచి రోసెల్‌ను చూసింది. ఆ చూపుకు రోసెల్ నిలవలేకపోయింది.

"అక్షరాలు అంతంత పెద్దవి పెట్టించాం కదా మేడమ్. చూపు ఆనకపోతే ఒక్క మాట చెప్పాల్సింది. కళ్లద్దాలు ఇక్కడే కొనిపెట్టేవాళ్లం."

సోలెదాద్ బుగ్గల రంగు మెల్లగా తుడుచుకుంది.

"కళ్లద్దాలు నాకెప్పుడూ లేవమ్మా" అంది. "చదువే లేదు. ముప్పై ఏళ్లు ఆ సంగతి లోకానికి తెలియకుండా దాచిన మనిషిని నువ్వు గేటు బయట నిలబెట్టావు."