రెండు మోటార్లు

జిలానీ బాషా రెండు మోటార్లనూ వంటగది గచ్చు మీద పక్కపక్కన పెట్టాడు.

"అక్కా, ఈ కొత్తది నీ ఏసీకి సరిగ్గా సరిపోతాది. అదే పవరు, అదే స్పీడు. తిరిగేది కూడా తెలీదు. ఈ పాతది పెద్ద మిషన్‌ది. గాలి తోస్తాది గానీ, ఇల్లంతా దడదడలాడిపోతాది."

గంగారత్నం రెండింటినీ మార్చి మార్చి చూసింది.

"పాతదే బిగించు నాయనా."

జిలానీ తెల్లబోయాడు.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి రెండు వారాలు దాటింది. ఆగస్టు ఎండకు రుమైథియా వీధులు ఉడికిపోతున్నాయి. జిలానీ పనిచేసే ఏసీ దుకాణం యజమాని, సాయంత్రానికల్లా వస్తానని తాళాలు అతని చేతిలో పెట్టి సౌదీకి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. అందుకే, కడప నుంచి వచ్చి ఈ ఇంట్లో పనిచేస్తూ, యజమానురాలిని అక్కడి వాడుకలో 'మామా' అని పిలిచే గంగారత్నం తన గోడు చెప్పుకుని ఏసీ బాగుచేయమనగానే అతను కాదనలేకపోయాడు.

"మామా బిడ్డ నా చంక దిగేవాడు కాదు బాషా. వాణ్ణి నా చేతుల్లోంచి లాక్కొని కారెక్కింది. నన్నూ తీసుకుపో అని కాళ్లు పట్టుకున్నా. నువ్వు ఇల్లు చూసుకో అనింది. కుక్కను కాపలా పెట్టినట్టు పెట్టి పాయె."

"అట్లాంటి మనిషి ఇంటికి ఏసీ యెందుకక్కా? ఫింటాస్ నుంచి మనోళ్లంతా బస్సుల్లో జోర్డాన్ పోతాండారు. నేనూ రేపు పోతాండా. నువ్వూ రా."

"నేను యాడికీ రాను. ఇంత ఇంట్లో ఒక్కదాన్నే. నిశ్శబ్దానికి పిచ్చి పడతాంది. ఆ చప్పుడుంటే ఎవరో తోడున్నట్టుంటాది."

జిలానీ నిచ్చెన వేసుకుని, వరండా కప్పులో ఉన్న ఏసీలో కాలిపోయిన మోటారు విప్పి, పాతది బిగించాడు. స్విచ్ వేయగానే ఇల్లంతా హోరెత్తింది. కిటికీ అద్దాలు గలగలలాడాయి.

అతను నిచ్చెన దిగుతుండగా గేటు ధడాలున తెరుచుకుంది. ఇద్దరు ఇరాకీ సైనికులు తుపాకులతో లోపలికొచ్చారు.

"ఈ ఇంటి కువైట్ ఆర్మీ ఆఫీసర్ పెళ్లాం ఎక్కడ?" ఆ హోరులో అరబ్బీలో అరిచాడు పెద్దవాడు.

గంగారత్నం గోడకున్న మామా ఫొటో లాగి అతని కాళ్ల ముందు విసిరింది. అద్దం భళ్లున పగిలింది.

"పారిపోయింది! నన్ను మీకు వదిలేసి పారిపోయింది. దొరికితే నాకు చూపించండి. దాని జుట్టు పట్టుకుని అడగాలి!" తనకొచ్చిన అరబ్బీలో కేకలు పెడుతూ నేల మీద కూలబడి ఏడ్చింది.

రెండోవాడు మొహం తిప్పుకున్నాడు. పెద్దవాడు గదులన్నీ తిరిగి, బీరువాలు తెరిచి చూసి, చెవులు మూసుకుంటూ వచ్చాడు.

"ఆపు దాన్ని!"

జిలానీ స్విచ్ వైపు చెయ్యి చాచాడు. గంగారత్నం ఆ చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఉక్కకు చచ్చిపోతా. దానికన్నా నన్ను కాల్చేయమను."

సైనికుడు ఆమెను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఖలాస్. యల్లా... చాలు, పోదాం పద," అన్నాడు. ఇద్దరూ వెళ్లిపోయారు.

జిలానీ నిచ్చెన మడుస్తూ పళ్లు కొరికాడు.

"ఇన్నేళ్లు మన చేతికూడు తిని, ప్రాణం మీదికొచ్చేసరికి మనల్నే పారేసి పోయినారే అక్కా! నన్ను పనికి పెట్టుకున్న కఫీలూ అంతే, నీ మామా అంతే. వాళ్లకు మంచి జరగదు."

గంగారత్నం కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వు క్షేమంగా ఊరు చేరు నాయనా," అంది.

దారి పొడుగునా ఆ మామాను తిట్టుకుంటూనే పోయాడు జిలానీ.

గంగారత్నం గేటుకు గొళ్లెం పెట్టి వచ్చి, స్టోరు గదిలో బియ్యం మూటలు పక్కకు లాగి, వాటి వెనకున్న చిన్న తలుపు తీసి, ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయిన బిడ్డను మామా చేతుల్లోంచి అందుకుంది.