జ్వరరేటర్

మళ్ళీ ఆగింది.

మధ్యాహ్నం మూడున్నర. జనరేటర్ మీద ఎర్రదీపం వెలిగింది. షెడ్డులో నలభై కుట్టుమిషన్లు ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. వాటన్నిటి బదులూ యజమాని నోరు తెరిచాడు.

“ఇది జనరేటరా, జ్వరరేటరా? నాలుగు రోజులుగా ఇదే వరస! నువ్వు మెకానిక్‌వా, మేకవా? నమలడం తప్ప చెప్పడం రాదా?”

మెకానిక్ తలెత్తలేదు. “ముట్టుకుని చూడండి సార్.”

యజమాని ముట్టుకున్నాడు. చురుక్కుమంది. చేతితోపాటు బూతొకటి విదిలించాడు.

“నువ్వు సర్వీసింగ్ చేసిన రోజు నుంచే ఈ దరిద్రం! పన్నెండుకి కరెంటు పోతే సాయంత్రం దాకా ఇదే దిక్కు. ఇవాళ తేల్చలేదో, రేపట్నుంచి నువ్వు గేటు బయటే!”

మెకానిక్ ఫ్యాన్ బెల్టు నొక్కి చూశాడు. బిగువుగానే ఉంది. రేడియేటర్ సందుల్లో చేరిన బట్టల నూగు దులిపాడు. పిడికెడు కూడా రాలలేదు.

“మూత తీసి చన్నీళ్ళు పొయ్యవయ్యా!”

“ఇప్పుడు తీస్తే ఆవిరి ఎగదన్ని మొహం ఉడుకుతుంది. మీరు తీస్తారా?”

యజమాని రెండడుగులు వెనక్కి వేశాడు. గొంతు మాత్రం వెనక్కి తగ్గలేదు. “మరి రోగమేంటో చెప్పి ఏడు!”

“ముసలి ఇంజన్ సార్. రోజూ ఈ వేళకి అరగంట విశ్రాంతి ఇవ్వాల్సిందే. లేదంటే పట్టేసి పూర్తిగా పోతుంది.”

“విశ్రాంతా? మనుషులకే ఇవ్వను, మిషన్‌కి ఇస్తానా?”

నిజమే. భోజనం బెల్లు తర్వాత సీట్లోంచి లేచినవాళ్ళకి మర్నాడు సీటుండదు. ఆయన కుట్టేవాళ్ళను మిషన్ నంబర్లతో పిలుస్తాడు. మొహాలు గుర్తుండవు.

“మనిషి పోతే సాయంత్రానికి ఇంకో మనిషి. ఇంజన్ పోతే కొత్తది రావడానికి రెండు నెలలు. సరుకు ఎప్పుడు పంపాలి సార్?”

నెలాఖరుకి. యజమాని పళ్ళు నూరాడు.

“తగలడు! అరగంట. ఒక్క నిమిషం ఎక్కువైందా, నీ తోలు ఒలిచి చొక్కా కుట్టిస్తా!”

“కొలతలు ఇచ్చి వెళ్ళండి.”

ఆయన తిట్టుకుంటూ మలుపు తిరగ్గానే, కొద్దిపాటి వేడికే ఇంజన్ ఆగిపోయేలా సర్వీసింగ్ రోజున తానే తిప్పిపెట్టిన స్క్రూను అలాగే వదిలేసి మెకానిక్ షెడ్డు కిటికీలోంచి చూస్తే, మూడో వరసలో నెలలు నిండిన అతని భార్య ఆగిన మిషన్ మీద తల వాల్చి నిద్రపోతోంది.