ఫ్రీ డబ్బా

"ఆ డబ్బా నా గుమ్మంలో పెట్టకు!"

ప్రణవేశ్ లాహిరి కేకకు కేబుల్ కుర్రాడు ఘోంటు మెట్ల మీదే ఆగిపోయాడు. ఒక చేతిలో కంపెనీ రౌటర్, భుజాన వైరు చుట్ట.

"కనెక్షన్‌తో పాటు కంపెనీ ఇచ్చేదే, దాదా. ఫ్రీ."

"ఫ్రీయా! బాగ్‌బజార్ మొత్తం మీద ఫ్రీగా ఇచ్చిన వస్తువు పనిచేయడం ఎప్పుడైనా చూశావా? చాంద్నీ మార్కెట్‌కి వెళ్ళి సొంత రౌటర్ కొనుక్కొచ్చాను. దాని యాంటెన్నాలు చూడు. నీ డబ్బాకి ఉన్నవి ఎలక మీసాలు."

"మీది వద్దనడం లేదు దాదా. కానీ మా లైన్ మా డబ్బాకే పలుకుతుంది. ముందు మాది పెట్టి, దాని వెనకాల మీది తగిలించుకోవాలి."

"నా రౌటర్ వెళ్ళి నీ డబ్బా వెనకాల నిలబడాలా? కెమిస్ట్రీ చెప్పేవాడికే పాఠం చెబుతున్నావా? పో! రేపటికల్లా లైన్ రాకపోతే మీ ఆఫీసు మీద కంప్లయింట్ పెడతాను."

ఘోంటు డబ్బా చంకలో ఇరికించుకుని దిగిపోయాడు. అప్పటికే ఇంట్లోకి లాగి ప్రణవేశ్ రౌటర్‌కి తగిలించిన వైరు బయటి కొస మెట్ల గోడకు అలాగే వేలాడుతోంది.

ఎదురు గదిలో కొత్తగా అద్దెకు దిగిన నిమాయి హాజ్రా తలుపు సందులోంచి ఇదంతా చూస్తున్నాడు. మాసిన లుంగీ, దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు. ఆ మనిషిని చూస్తేనే ప్రణవేశ్‌కి ఒళ్ళు మంట.

"ఏం చూస్తున్నారు? ఇక్కడేమైనా సినిమా ఆడుతోందా?"

తలుపు మూసుకుంది.

ఆ సాయంత్రం ఫోన్ మీద నడిపిన ఆన్‌లైన్ క్లాసు మాటిమాటికీ తెగిపోయింది. బోర్డు పరీక్షలు ముంచుకొస్తున్నాయి. శ్యాంబజార్‌లో కొత్తగా తెరిచిన కోచింగ్ సెంటర్ పిల్లల్ని గద్దలా తన్నుకుపోతోంది. క్లాసు నిలబడకపోతే ప్రణవేశ్ ఇల్లు నిలబడదు.

మర్నాడు పొద్దున లేచేసరికి రౌటర్ మీద పచ్చ లైటు వెలుగుతోంది.

"చూశావా రొమితా?" భార్యను పిలిచి చూపించాడు. "కంప్లయింట్ అనేసరికి తోక ముడిచారు."

"ఘోంటు మళ్ళీ వచ్చిన జాడ లేదే. ఒకసారి ఫోన్ చేసి కనుక్కోరాదూ?"

"ఎందుకు, దండం పెట్టడానికా?"

నెల తిరిగింది. బిల్లు కూడా రాలేదు.

"పంపడానికి వాడికి మొహం చెల్లలేదు," అని ప్రణవేశ్ పగలబడి నవ్వాడు.

క్లాసు ఒక్కసారి కూడా తెగలేదు. శ్యాంబజార్ వెళ్ళిన పిల్లలు ఒక్కొక్కరే వెనక్కి వచ్చారు. అంతా సొంత రౌటర్ మహిమ అని ప్రణవేశ్ చెప్పని మనిషి ఆ వీధిలో లేడు.

ఒక సాయంత్రం పాఠం మధ్యలో తెర మీద బొమ్మ కాసేపు బిగుసుకుపోయింది. విసురుగా బయటికొచ్చాడు. నిమాయి గది తలుపు తెరిచి ఉంది. లోపల అలమారా మీద కంపెనీ డబ్బా లైట్లు మిణుకుమిణుకుమంటున్నాయి.

"ఓహో! ఫ్రీ అనగానే పళ్ళెం పట్టారన్నమాట. మీ డబ్బా నా సిగ్నల్‌ని మింగేస్తోంది. తీసేయండి."

నిమాయి కంగారుగా లేచి నిలబడ్డాడు.

"పరీక్షలయ్యేదాకా ఉండనివ్వండి, మాస్టారూ."

"ఎవరి పరీక్షలు? ఈ వయసులో మీరు మళ్ళీ రాస్తున్నారా?"

"అది కాదు బాబూ, దీన్ని తీసేస్తే మీకే..."

"బెదిరిస్తున్నారా?"

ప్రణవేశ్ తిన్నగా కిందికి దిగి ఇంటి యజమానురాలి ముందు కూర్చున్నాడు.

"మాసిమా, వాడు నెట్ దొంగ. వాడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

ట్యూషన్ మాస్టారు ఉన్న ఇల్లంటే వీధిలో ఒక మర్యాద. మాసిమా నిమాయికి గది ఖాళీ చేయమని చెప్పేసింది.

వెళ్ళే రోజు నిమాయి చేతిలో రేకు పెట్టెతో ప్రణవేశ్ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"మాస్టారూ, ఇవాళే ఘోంటుకి ఫోన్ చేసి..."

"మీ సలహాలు కొత్తింటివాళ్ళకి చెప్పుకోండి."

తలుపు ధడాలున మూశాడు. పీడ విరగడైందని రొమిత చేత టీ పెట్టించుకుని తాగాడు.

సాయంత్రం బోర్డు పరీక్షకు ముందు ఆఖరి మోడల్ టెస్ట్. పిల్లలందరూ వచ్చారు. మొదటి ప్రశ్న చదువుతుండగానే రౌటర్ మీద ఎర్ర లైటు వచ్చింది.

మళ్ళీ పచ్చబడలేదు.

"సార్, టెస్ట్ ఉందా లేదా? శ్యాంబజార్‌లో ఇంకాసేపట్లో మొదలుపెడుతున్నారు," ఫోన్‌లో ఒక పిల్లాడు అడిగాడు. ఆ వెనకే ఇంకొకడు.

ప్రణవేశ్ కేకలకు ఘోంటు పరుగున వచ్చాడు. మెట్ల దగ్గర వైరు పట్టుకుని తడుముకుంటూ వెళ్ళాడు. అది నిమాయి ఖాళీ చేసిన గది వెంటిలేటర్‌లోకి దూరింది. లాగితే కొస ఊడి చేతిలోకి వచ్చింది.

"మా లైన్ పోయిందంటారేంటి దాదా? మేం మీకు ఇస్తే కదా పోవడానికి! మీరు గెంటేసిన రోజే మీ పేరు కొట్టేశాం."

"మరి ఇన్నాళ్ళూ నాకు నెట్ ఎలా వచ్చింది?"

ఘోంటు వైరు కొసనీ, ఖాళీ గదినీ మార్చి మార్చి చూశాడు. గొంతు తగ్గించాడు.

"మా డబ్బా వెనకాల మీది తగిలించాలని ఆ రోజు చెప్పానే, ఈ గదిలో ఉన్నాయన అదే చేసినట్టున్నాడు. ఖాళీ చేశాడని ఆయన లైన్ ఇందాకే ఆఫీసులో ఆపేశాం. మీరు నన్ను గెంటేసిన సాయంత్రమే నిమాయి బాబు మా ఆఫీసుకొచ్చి, మీరు తిప్పి పంపిన డబ్బానే తన పేరు మీద రాయించుకున్నాడు. దాదా, బటన్ల ఫోన్ తప్ప ఇంకేదీ లేని మనిషికి నెట్ ఎందుకా అని మేమంతా నవ్వుకున్నాం."